రివర్బ్ టెయిల్ ఎప్పుడు విచ్చుకోవాలి: ఐదు పద్ధతుల్లో ఏ పాటకు ఏది

హన్మకొండలో ఏదైనా ఫంక్షన్ హాల్‌కు పెళ్లికి ముందు రోజు, ఇంకా కుర్చీలు వేయకముందు వెళ్లండి. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. ముందు చప్పట మీ చేతుల దగ్గరే వినిపిస్తుంది. వెంటనే పక్క గోడ నుంచి, స్టేజీ వెనక గోడ నుంచి రెండు మూడు దెబ్బలు విడివిడిగా తిరిగొస్తాయి. ఏది ఎటు నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించొచ్చు. అసలు మోత ఆ తర్వాత మొదలవుతుంది. దానికి దిక్కు ఉండదు. నాలుగు వైపుల నుంచీ కమ్ముకుని నెమ్మదిగా ఆరిపోతుంది. ఈ ఆరిపోయే మోతే టెయిల్. ఒక్క చప్పటలోనే శబ్దం సన్నగా పుట్టి వెడల్పుగా విచ్చుకుంది.

కంప్యూటర్‌లో ఈ మోతను తెచ్చిపెట్టే రివర్బ్ పెట్టేటప్పుడు మాత్రం దాని విడ్త్ (వెడల్పు) నాబ్‌ను ఒక అంకె దగ్గర ఆపి వదిలేస్తాం. మొదటి దెబ్బకూ అదే వెడల్పు, చివరి మోతకూ అదే వెడల్పు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని బతుకమ్మ పాటలు, జానపదాలు రికార్డ్ చేస్తున్న తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "విడ్త్ ఎంత పెట్టాలన్నా?" అని. ఎప్పుడు ఎంత అని అడిగితే సగం పని అయిపోయినట్టే. ఆ "ఎప్పుడు"ను పట్టుకోవడానికి ఉన్న ఐదు దారులను, నేను వాడి చూసిన మేరకు, ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను.

ముందు నాకు పాఠం నేర్పిన పాట సంగతి. రెండేళ్ల కింద ఒక పెద్దమ్మ పాడిన బతుకమ్మ పాటకు హాల్ రివర్బ్ వేసి, విడ్త్ 100 దాటించి 160 దగ్గర పెట్టాను. హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే ఒళ్లు పులకరించింది. గొంతు మధ్యలో, మోత చెవుల చుట్టూ. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర అదే పాటను బాక్సుల మీద వేశారు. మోత దాదాపు లేదు. గొంతు ఒంటరిగా, ఎండిపోయినట్టు వినిపించింది. ఆ బాక్సులకు పోయిన లైను మోనో, అంటే ఎడమ, కుడి రెండూ కలిసిపోయిన ఒకే లైను. తప్పు పూర్తిగా నాదే, నేను మిక్స్‌ను ఒక్కసారి కూడా మోనోలో వినలేదు.

ఎందుకు అలా అయిందో తెలిస్తే మిగతాదంతా సులువు. స్టీరియోను ఎడమ, కుడి అని కాకుండా మిడ్, సైడ్ అని కూడా చూడొచ్చు. రెండు చానెళ్లలో ఉమ్మడిగా ఉన్నది మిడ్. రెండింటి మధ్య తేడా సైడ్. విడ్త్ నాబ్ చేసేది ప్రధానంగా సైడ్‌ను పెంచడం, తగ్గించడం. మోనోలో కలిపినప్పుడు సైడ్ మొత్తం కొట్టుకుపోతుంది, మిడ్ ఒక్కటే మిగులుతుంది. ఎడమ, కుడి ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్న రివర్బ్‌లో ఆ రెండూ ఎంత ఒకేలా ఉన్నాయో చూపే కోరిలేషన్ మీటర్ సున్నా దగ్గర ఆడుతుంది. అలాంటి రివర్బ్ మోనోలోకి వచ్చాక, మధ్యలో ఉన్న గొంతుతో పోలిస్తే 3 డెసిబెల్స్ తగ్గుతుంది. అది పెద్ద నష్టం కాదు. సైడ్‌ను మిడ్ కంటే పైకి లేపినప్పుడే ప్రమాదం. మీటర్ మైనస్‌లోకి పోతుంది, మోనోలో మోత మాయమవడం మొదలవుతుంది. మన పాటలు ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, మండపం బాక్సుల మీద మోగుతాయి. ఈ లెక్క మనకు హైదరాబాద్ పెద్ద స్టూడియోల కంటే ఎక్కువ అవసరం.

మూడు గడియారాలు

కాలంతో పాటు వెడల్పు మారడం అన్నప్పుడు, మారేది ఏ కాలంలో అన్నది ముందు తేల్చుకోవాలి. నేను మూడు గడియారాలు అనుకుంటాను.

మొదటిది చప్పట గడియారం. ఒక్క దెబ్బ లోపల, మిల్లీసెకన్లలో జరిగేది. హాళ్ల శబ్దం మీద పరిశోధన చేసినవాళ్లు సుమారు 80 మిల్లీసెకన్ల దగ్గర ఒక గీత గీస్తారు. ఆ లోపు పక్కల నుంచి వచ్చే ప్రతిధ్వనులు గొంతునే కాస్త వెడల్పుగా అనిపించేలా చేస్తాయి. ఆ తర్వాత పక్కల నుంచి వచ్చేది మనల్ని చుట్టుముట్టిన భావన ఇస్తుంది. ఈ రెండో సంగతిని బ్రాడ్లీ, సులోడ్ర్ 1995లో స్పష్టంగా చూపించారు. 80 మిల్లీసెకన్లలో శబ్దం 27 మీటర్ల చిల్లర పోతుంది, అంటే ఒక మోస్తరు ఫంక్షన్ హాల్‌లో గోడకు తగిలి తిరిగొచ్చేంత దూరం.

రెండోది చరణం గడియారం. పాడుతున్నప్పుడు ఒకలా, ఆగి ఊపిరి తీసుకున్నప్పుడు ఒకలా. ఇది సెకన్లలో నడుస్తుంది. మూడోది పాట గడియారం. ఎత్తుగడ, డప్పు అందుకోవడం, ముగింపు, ఇవి నిమిషాల మీద నడుస్తాయి.

ఏ పద్ధతి అయినా ఈ మూడింటిలో మహా అయితే ఒక్క గడియారాన్నే బాగా తిప్పగలదు. ఎంపిక అంతా ఇక్కడే ఉంది.

నాబ్, ఆటోమేషన్

ఉత్త విడ్త్ నాబ్ ఏ గడియారాన్నీ తిప్పదు. టైం లేనప్పుడు, సాయంత్రానికల్లా పాట పంపాల్సి వచ్చినప్పుడు దీన్ని 60, 80 మధ్య ఉంచి 250 హెర్ట్జ్ కింద రివర్బ్‌ను కోసేయండి. 100 దాటించకండి.

ఆటోమేషన్, అంటే పాట నడుస్తుండగా నాబ్ తనంతట తానే కదిలేలా గీత గీసి పెట్టడం, పాట గడియారానిది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో రివర్బ్ తర్వాత విడ్త్ ప్లగిన్ పెట్టి దాని ఎన్వలప్ (ఆ గీత) గీస్తే చాలు. గొంతు ఒక్కటే ఉన్న ఎత్తుగడలో 100, డప్పు అందుకోగానే 60, చివర డప్పు ఆగి గొంతు ఒంటరైనప్పుడు మళ్లీ 100. వినేవాడికి కారణం తెలియదు, కానీ డప్పు ఆగిన చోట ఆకాశం తెరుచుకున్నట్టు ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ప్లగిన్ రివర్బ్ తర్వాత ఉంది కాబట్టి, మీరు గీత మార్చిన క్షణంలో గాలిలో ఉన్న పాత టెయిల్ కూడా దానితో పాటే ముడుచుకుంటుంది. చరణం చివర ఇలా జరిగితే తలుపు మూసినట్టు వినిపిస్తుంది. అక్కడ విడ్త్‌ను కదపకుండా, ఇరుకు రివర్బ్ ఒకటి, వెడల్పు రివర్బ్ ఒకటి పెట్టుకుని గొంతు సెండ్‌ను (గొంతును రివర్బ్‌కు పంపే దారిని) ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చండి. పాత టెయిల్ తన దారిన తాను ఆరిపోతుంది.

రెండు రివర్బులు: నేను ఎక్కువగా పట్టే దారి

ఇది చప్పట గడియారం. ఫంక్షన్ హాల్ గోడలు చేసిన పనిని రెండు ప్లగిన్లతో చేయడం.

మొదటి రివర్బ్ పొట్టిది, ఇరుకుది. డికే (మోత ఆరడానికి పట్టే టైం) 0.6 సెకను, ప్రీ-డిలే (మోత మొదలయ్యే ముందు ఆగే టైం) 10 నుంచి 20 మిల్లీసెకన్లు, విడ్త్ 25 దగ్గర. రెండోది పొడుగుది, వెడల్పుది. డికే 2.2 సెకన్లు, ప్రీ-డిలే 90, విడ్త్ 100. దీనికి కింద 300 హెర్ట్జ్, పైన 6 కిలోహెర్ట్జ్ దగ్గర కోత. గొంతును రెండింటికీ పంపండి. మొదటిది కాస్త ఎక్కువ, రెండోది దానికంటే 4, 5 డెసిబెల్స్ తక్కువ. రీపర్‌తో వచ్చే రివర్బ్ ప్లగిన్ రీవర్బేట్‌లో విడ్త్, ఇనీషియల్ డిలే (అదే ప్రీ-డిలే) రెండూ ఉన్నాయి కాబట్టి పైసా ఖర్చు లేదు. వల్హల్లా రూమ్ లాంటి రివర్బ్ ప్లగిన్లలో ముందు భాగానికి, వెనక భాగానికి వేరు వేరు నాబులు ఉంటాయి. అది మీ దగ్గర ఉంటే ఒక్క ప్లగిన్‌తోనే అయిపోతుంది.

బతుకమ్మ చప్పట్ల మీద ఇది ఎంత అందంగా పనిచేస్తుందో చెప్పాలి. చప్పట ఎక్కడ పడిందో చెవికి తెలియాలి, లేకపోతే ఆట అడుగు తప్పినట్టు ఉంటుంది. పొట్టి రివర్బ్ ఇరుకుగా ఉండటంతో చప్పట తన చోటు వదలదు. 90 మిల్లీసెకన్ల తర్వాత వెడల్పు మోత వచ్చి, ఆడవాళ్లు వలయంగా తిరుగుతున్న జాగా ఎంతుందో చూపిస్తుంది.

డికే ఎంత ఉండాలన్నది కూడా చప్పటే చెబుతుంది. నిమిషానికి 90 బీట్ల పాటలో ఒక బీట్ 667 మిల్లీసెకన్లు. చప్పట రెండు బీట్లకు ఒకసారి పడితే మధ్యలో 1.33 సెకన్లు. డికే అంటే 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే టైం. 2.2 సెకన్ల డికేతో తర్వాతి చప్పట వచ్చేసరికి పాత మోత 36 డెసిబెల్స్ తగ్గి ఉంటుంది. 3.5 సెకన్లు పెడితే 23 డెసిబెల్సే తగ్గుతుంది. ఆ మిగిలిన మోత ఒకదాని మీద ఒకటి పేరుకుని పాట మొత్తం మంచులో ఆడినట్టు అవుతుంది. నేను 30 కంటే తక్కువ తగ్గేలా ఎప్పుడూ పెట్టను.

దీని లోపం ఒక్కటే, కానీ అది నిజమైన లోపం. గొంతు ఆపకుండా పాడుతూ పోతే, ముందు మాట వెడల్పు టెయిల్ తర్వాతి మాట మీద పడుతూనే ఉంటుంది. ఈ పద్ధతికి దెబ్బ తెలుసు కానీ చరణం తెలియదు.

సైడ్‌ను మాత్రం అణచడం

చరణం గడియారం కోసం నాకు తెలిసిన మంచి దారి ఇదే. గొంతు పాడుతున్నంతసేపూ రివర్బ్‌లో సైడ్ వెనక్కి తగ్గాలి. గొంతు ఆగగానే సైడ్ పైకి లేవాలి. వినడానికి ఎలా ఉంటుందంటే, పాడేటప్పుడు మనిషి మీ ఎదురుగా కూర్చుని ఉంటాడు, చరణం చివరి అక్షరం దగ్గర గది గోడలు వెనక్కి జరుగుతాయి.

రీపర్‌లో ఇలా చేస్తాను. రివర్బ్ ట్రాక్‌ను నాలుగు చానెళ్లకు పెంచి, గొంతు నుంచి 1, 2కు మామూలు సెండ్, 3, 4కు ఇంకో సెండ్ పెడతాను. రివర్బ్ తర్వాత, మిడ్, సైడ్‌లను విడిగా సర్దే, ఉచితంగా దొరికే వాక్సెంగో ఎంఎస్ఈడీని ఇన్‌లైన్ మోడ్‌లో పెట్టి, దాని సైడ్ గెయిన్ నాబ్‌ను ఒకసారి కదిపి, పైన పారమ్ బటన్‌లో పారామీటర్ మాడ్యులేషన్ తెరుస్తాను. ఆడియో కంట్రోల్ సిగ్నల్‌కు టిక్ పెట్టి, చానెల్ 3, 4 ఎంచుకుని, డైరెక్షన్ నెగెటివ్ చేస్తాను. అటాక్ (అణగడానికి పట్టే టైం) 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (తిరిగి లేవడానికి పట్టే టైం) 600 నుంచి 800. పాడుతున్నప్పుడు సైడ్ 8 నుంచి 10 డెసిబెల్స్ తగ్గేలా స్ట్రెంత్ సర్దుతాను. రిలీజ్ మరీ తక్కువైతే మాటకూ మాటకూ మధ్య వెడల్పు ఊగుతుంది, వినేవాడికి తల తిరుగుతుంది. మరీ ఎక్కువైతే టెయిల్ ఆరిపోయాక గానీ విచ్చుకోదు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఉంది, ఆగి చదవండి. వెడల్పు తగ్గించడం వేరు, సైడ్‌ను తగ్గించడం వేరు. కొన్ని విడ్త్ నాబులు ఇరుకు చేసినప్పుడు మొత్తం సౌండ్ తగ్గకుండా ఉండాలని మిడ్‌ను పెంచుతాయి. అప్పుడు పక్కలకు ఉన్న మోత తగ్గి మధ్యలోకి, సరిగ్గా గొంతు వెనకకు చేరుతుంది. మాటలు స్పష్టంగా రావాలని చేసిన పని మాటలనే ముంచుతుంది. వెడల్పుగా ఉన్న మోతకు ఒక మంచి గుణం ఉంది, అది పక్కలకు ఉండి మధ్యను గొంతుకు వదిలేస్తుంది. కాబట్టి మిడ్ కదలకూడదు, సైడ్ మాత్రమే తగ్గాలి. మీ ప్లగిన్ ఏం చేస్తోందో తెలుసుకోవాలంటే మోనో బటన్ నొక్కి నాబ్ తిప్పండి. మోనోలో మోత కొంచెం కూడా మారకపోతే అది మిడ్‌ను ముట్టుకోవడం లేదు.

మోనో సంగతి వచ్చింది కాబట్టి, ఈ పద్ధతిలో నాకు ఇంకో ధైర్యం. జరిగేదంతా సైడ్‌లోనే కాబట్టి మోనో బాక్సు మీద ఈ ఊపు వినిపించదు, పాట పాడవదు. మిడ్‌లో ఉన్న మోత నిలకడగా ఉంటుంది.

మరి బతుకమ్మ పాటకు ఇది వాడొచ్చా? నా అనుభవంలో అంతగా పనికి రాదు. ఒకరు పాట చెబుతారు, వాళ్ల ఊపిరి తిరగకముందే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. మధ్యలో ఖాళీ లేదు. చెప్పే గొంతు ఆగగానే దాని టెయిల్ విచ్చుకోవడం మొదలుపెడుతుంది, సరిగ్గా అదే క్షణంలో ఎడమా కుడీ పరుచుకున్న కోరస్ వచ్చి పడుతుంది. రెండూ కలిసి రద్దీ అవుతుంది. తప్పదు అనుకుంటే కోరస్‌ను కూడా 3, 4కు పంపండి, అప్పుడు కోరస్ పాడుతున్నప్పుడు కూడా టెయిల్ అణిగే ఉంటుంది. కానీ అంత కష్టపడటం కంటే అక్కడ రెండు రివర్బులే మేలు. సైడ్ అణచడం మెరిసేది జోల పాటలో, ఏడుపు పాటలో, ఒక్క గొంతు ఆగి ఆగి పాడే చోట. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు రాగం తీసి ఆపే చోట కూడా బాగుంటుంది. అదే కథకుడు వేగంగా మాటలు చెబుతున్నప్పుడు రిలీజ్‌కు సందే దొరకదు, టెయిల్ ఇరుకుగానే ఉండిపోతుంది. ఆ ఘట్టానికి అదే కావాలి కూడా.

ఇంపల్స్ రెస్పాన్స్‌ను కోసి కుట్టడం

నిజమైన చోటు ప్రతిధ్వనిని రికార్డ్ చేసి దాన్నే రివర్బ్‌గా వాడే కన్వల్యూషన్ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. అందులో వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఆ రికార్డింగ్ ఫైల్‌లోనే, అంటే ఇంపల్స్ రెస్పాన్స్‌లోనే, రాసి ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఫైల్‌నే మార్చాలి. ఇది కూడా చప్పట గడియారమే, కానీ రెండు రివర్బుల కంటే గీత సాఫీగా ఉంటుంది, అతుకు వినపడదు.

ఫైల్‌ను మిడ్, సైడ్‌గా విడగొట్టి రెండు ట్రాకుల మీద పెట్టండి. మిడ్‌ను ముట్టుకోకండి. సైడ్ క్లిప్ మొదట్లో మౌస్‌తో 100 నుంచి 150 మిల్లీసెకన్ల ఫేడ్-ఇన్ లాగండి. మళ్లీ ఎడమ, కుడిగా మార్చి 24 బిట్‌లో రెండర్ చేసి రీపర్‌తో వచ్చే కన్వల్యూషన్ ప్లగిన్ రీవర్బ్ (ReaVerb)లో లోడ్ చేయండి. అంతే. నాలుగు చానెళ్ల ట్రూ స్టీరియో ఫైల్ అయితే రెండు జతలకూ ఇదే చేయాలి.

ఉచిత ఫైళ్లకు యార్క్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్ఎయిర్ లైబ్రరీ ఉంది. కానీ నాకు మన చోట్ల మోత కావాలి. ఖాళీ ఫంక్షన్ హాల్‌లో యజమానిని అడిగి బెలూన్ పగలగొట్టి చేతి రికార్డర్‌తో పట్టుకున్నాను. అలాంటి చిన్న రికార్డర్ల మీద రెండు మైకులు పక్కపక్కనే ఉంటాయి, అందుకే టెయిల్ చివర కూడా ఇరుకుగానే వస్తుంది. నిజంగా హాల్‌లో నిలబడి విన్నది అది కాదు. అక్కడ సైడ్‌కు ఫేడ్-ఇన్ పెట్టడమే కాక, టెయిల్ భాగంలో 4 డెసిబెల్స్ పెంచాను. కోరిలేషన్ మీటర్ సున్నాకు దిగువన పోకుండా చూసుకున్నాను. చెవి గుర్తుపట్టే హాల్ అప్పుడు వచ్చింది.

దీనికి ఓపిక కావాలి, ఒకసారి చేశాక మార్చడం విసుగు. ఆల్బమ్ మొత్తానికి ఒకే చోటు ఉండాలనుకుంటే మాత్రం ఇంతకు మించింది లేదు. పది పాటలూ ఒకే గుడి ముందు పాడినట్టు ఉంటాయి.

స్టేజీ మీద లైవ్ మిక్స్ చేసేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. బాక్సులు మోనోలో ఉన్నప్పుడు మోనో రివర్బే వాడండి, డికే తగ్గించండి. 1957లో వచ్చిన ఈఎంటీ 140 ప్లేట్ (లోహపు రేకుతో మోత తెచ్చే యంత్రం) కూడా మొదట మోనోదే, స్టీరియో రకం 1961లో వచ్చింది. మధ్య ఆ నాలుగేళ్లలో ఎన్నో గొప్ప గొంతులు మోనో మోతతోనే రికార్డ్ అయ్యాయి.

మీ దగ్గర ఒక్క రాత్రే ఉంటే రెండు రివర్బులు పట్టండి. ఒక్క గొంతు, ఖాళీలున్న పాట అయితే దాని మీద సైడ్ అణచడం కలపండి. డప్పు వచ్చి పోయే పాట అయితే ఆటోమేషన్ చివర్లో గీయండి, ముందు గీస్తే మిగతా పద్ధతులు సర్దేటప్పుడు చెవిని మోసం చేస్తుంది.

ఆ పెద్దమ్మ పాటను నేను మళ్లీ మొదటి నుంచి కలిపాను. పొట్టి రివర్బ్ విడ్త్ 20, పొడుగుది 100, సైడ్ మీద ఏ పెంపూ లేదు. పంపే ముందు వంటింట్లో గిన్నెల పక్కన పెట్టుకునే ఒక్క స్పీకర్ బ్లూటూత్ డబ్బా మీద వేసి, తలుపు బయట నిలబడి విన్నాను. చివరి "ఉయ్యాలో" తర్వాత మోత కాస్త సన్నగా, కానీ పూర్తిగా ఆరేదాకా వినిపించింది.